కెమెరాలో మెమరీ కార్డు మొరాయిస్తే: ఫార్మాట్ నొక్కే ముందు చూడాల్సినవి

కెమెరా స్క్రీన్ మీద 'కార్డ్ ఎర్రర్' అనో, 'ఈ కార్డు పనికిరాదు, ఫార్మాట్ చేయండి' అనో కనిపించగానే చాలామంది వేలు నేరుగా ఓకే మీదకి వెళ్లిపోతుంది. దయచేసి అక్కడే ఆగండి. ఇలాంటి మెసేజ్ వచ్చిందంటే కార్డు చచ్చిపోయిందని కాదు, లాక్ స్విచ్ జారడం, కాంటాక్టులకి మురికి పట్టడం, బ్యాటరీ పడిపోవడం, పాత రీడర్, ఇలా వంద కారణాలు ఉంటాయి, వాటిలో చాలావాటికి కార్డులో ఉన్న ఫొటోలతో సంబంధమే ఉండదు. కంగారులో మనం చేసే పనుల వల్లే అవి పోతుంటాయి. అందుకే కింద చెప్పిన వరసలోనే వెళ్లండి, ఫార్మాట్‌ని మాత్రం ముందుకి లాగొద్దు.

ముందు ఒక్కటి తేల్చుకోండి: అందులో కావాల్సిన ఫొటోలు ఉన్నాయా?

ఇంకెక్కడా కాపీ లేని ఫొటోలు ఆ కార్డులో ఉంటే, ఈ క్షణం నుంచి దాని మీద కొత్తగా ఏదీ రాయకూడదు. అంటే టెస్ట్ కోసం ఒక్క ఫొటో కూడా తీయొద్దు. ఫొటో డిలీట్ చేసినా, కెమెరాలో మామూలు ఫార్మాట్ కొట్టినా, సాధారణంగా చెరిగేది ఫొటోలు కావు, ఏ ఫొటో ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే. పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టన్నమాట, లోపలి పేజీలు అలాగే ఉంటాయి. వాటి మీద కొత్త ఫొటో వచ్చి పడినప్పుడే పాతది నిజంగా పోతుంది, ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా తేలేదు. కాబట్టి కార్డు తీసేసి, లాక్ స్విచ్ కిందకి జరిపి, పక్కన పెట్టండి. షూట్ ఇంకా మిగిలి ఉంటే వేరే కార్డు వాడండి.

కార్డు ఖాళీదే అయినా, అన్నీ కాపీ చేసుకున్నా టెన్షన్ లేదు, కింద చెప్పినవన్నీ ధైర్యంగా చేసి చూడొచ్చు.

1. తీసి మళ్లీ పెట్టండి, కానీ పద్ధతిగా

కెమెరా ఆఫ్ చేయండి. కార్డు దగ్గర వెలిగే చిన్న ఎర్ర లైటు ఆరిందో లేదో చూసుకోండి. అది వెలుగుతోందంటే కెమెరా ఇంకా రాస్తూనే ఉంది, ఆఫ్ చేశాక కూడా కొన్ని సెకన్లు రాస్తుంది. ఆ టైంలో కార్డు పీకినా, బ్యాటరీ లాగినా సగం రాసిన ఫైలుతో పాటు ఆ పట్టిక కూడా పాడయ్యే ప్రమాదం ఉంది, మీ సమస్య అసలు అలాగే మొదలై ఉండొచ్చు కూడా.

ఇప్పుడు కార్డు బయటికి తీసి వెనక్కి తిప్పండి. ఎస్‌డీ కార్డు వెనక 9 కాంటాక్టులు ఒక వరసలో ఉంటాయి, యూహెచ్‌ఎస్-2 అనే ఎక్కువ వేగం రకం కార్డయితే కింద ఇంకో వరస ఉంటుంది. వాటి మీద వేలిముద్రలు, చెమట మరకలు, దుమ్ము కనిపిస్తే నూలు పోగులు వదలని మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. జిడ్డు పోకపోతే గుడ్డకి ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగిలించి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. రబ్బరుతో రుద్దమని కొందరు చెబుతారు, నేనైతే వద్దంటాను, ఆ పొడి తర్వాత స్లాట్‌లోకే చేరుతుంది. స్లాట్‌లోకి నోటితో ఊదడం కూడా మానేయండి, ఉమ్మి తుంపర్లు పడతాయి, చేతి బ్లోయర్ ఉంటే దాంతో ఊదండి.

బ్యాటరీ ఫుల్‌గా ఛార్జ్ చేసింది పెట్టి అప్పుడు చూడండి. చార్జింగ్ అడుగంటినప్పుడు కెమెరా ఆన్ అవుతుంది, మెనూ కూడా తెరుచుకుంటుంది, కానీ కార్డు మీద రాసే దగ్గరికొచ్చేసరికి తడబడొచ్చు.

మైక్రో ఎస్‌డీని అడాప్టర్‌లో పెట్టి వాడుతున్నారా? అయితే ముందు అడాప్టర్‌ని అనుమానించండి. అందులో కాంటాక్టులు వదులైపోవడం చాలా మామూలు, కార్డు మీద నెపం వేసే ముందు ఇంకో అడాప్టర్‌తో చూడటం తేలిక. అసలు ముఖ్యమైన షూట్‌కి ఫుల్ సైజు కార్డే వాడటం మంచిది.

2. లాక్ స్విచ్

'కార్డ్ లాక్డ్' అని వస్తే కారణం దాదాపు ఇదే. కార్డు పక్కన ఉండే ఆ బుల్లి స్విచ్ కిందకి ఉంటే లాక్, పైకి ఉంటే మామూలు. స్లాట్‌లోకి తోసేటప్పుడు అంచు తగిలి కొద్దిగా జారినా చాలు, లాక్ అయిందనే మెసేజ్ వస్తుంది.

చాలామందికి తెలియని విషయం ఏంటంటే ఆ స్విచ్‌కీ కార్డు లోపలి సర్క్యూట్‌కీ ఏ సంబంధం లేదు. అది ఉత్త ప్లాస్టిక్ ముక్క. అది ఏ స్థానంలో ఉందో కెమెరా స్లాట్‌లోని ఒక సెన్సర్ తడిమి చూస్తుంది, అంతే. అందుకని స్విచ్ ఊడిపోయి ఎక్కడో పడిపోతే, బాగున్న కార్డు కూడా ఎప్పటికీ లాక్ అయినట్టే కనిపిస్తుంది. అప్పుడు ఆ గాడి మీద పైభాగంలో సన్నని సెల్లో టేప్ ముక్క అంటిస్తే పనిచేస్తుంది. కాంటాక్టుల మీదకి టేప్ పోకుండా చూసుకోండి, పని అయ్యాక ఫొటోలు కాపీ చేసేసి ఆ కార్డుని వదిలేయండి, ఎందుకంటే టేప్ లోపల ఊడి స్లాట్‌లో ఇరుక్కుంటే కార్డు ఖర్చు కాస్తా కెమెరా రిపేర్ ఖర్చవుతుంది. స్విచ్ పైకే ఉండి, వేరే కార్డులన్నిటికీ కూడా లాక్ అనే వస్తుంటే తప్పు స్లాట్ సెన్సర్‌ది, అది సర్వీస్ వాళ్ల పని.

3. దోషి ఎవరో పట్టుకోండి

ఇక్కడ కాస్త ఓపిక కావాలి, కానీ మొత్తం వ్యవహారంలో ఎక్కువ టైం మిగిల్చే స్టెప్ ఇదే. అనుమానితులు ముగ్గురు: కార్డు, కెమెరా, రీడర్. ఒక్కోదాన్ని మార్చి చూడండి. మీ కెమెరాలో వేరే కార్డు పెట్టండి. మీ కార్డుని (లాక్ చేసే ఉంచి) రీడర్‌లో పెట్టి కంప్యూటర్‌లో తెరవండి. కుదిరితే ఇంకో రీడర్‌లో కూడా.

కెమెరాలో అన్నీ కనిపిస్తున్నాయి, కంప్యూటర్ మాత్రం చదవట్లేదు అంటే రీడర్‌ని అనుమానించండి. 2 జీబీ వరకే ఉన్న పాత రకం ఎస్‌డీ కోసం చేసిన రీడర్ ఎస్‌డీహెచ్‌సీని, అంటే 2 దాటి 32 జీబీ దాకా ఉండేవాటిని, చదవలేదు. 32 జీబీ పైన 2 టీబీ వరకు ఉండే ఎస్‌డీఎక్స్‌సీ కార్డులతో రీడర్ ఒక్కటే చాలదు, వాటిలో ఫైళ్లని అమర్చే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి కంప్యూటర్‌కి కూడా అర్థం కావాలి. ఇలాంటప్పుడు కంప్యూటర్ 'డిస్క్ ఫార్మాట్ చేయాలి, చేయమంటారా' అని చాలా మర్యాదగా అడుగుతుంది. క్యాన్సిల్ కొట్టండి. దానికి చదవడం రాక అలా అడుగుతోంది, కార్డు ఖాళీగా ఉండి కాదు. రీడర్ పక్కన పెట్టి కెమెరానే యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపితే చాలాసార్లు అన్నీ కాపీ అయిపోతాయి.

దీనికి ఉల్టాగా, కంప్యూటర్‌లో బాగానే తెరుచుకుంటుంది, కెమెరా మాత్రం ఒప్పుకోదు అంటే సంతోషించండి, ముందు మొత్తం కాపీ చేసుకోండి. తర్వాత కారణం వెతకొచ్చు. కార్డుని కంప్యూటర్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా, అంటే విండోస్ వాడే పద్ధతిలో, ఫార్మాట్ చేశారేమో, కెమెరాలు దాన్ని చదవవు. ఫోల్డర్ల పేర్లు, ఫైళ్ల పేర్లు మార్చారేమో, ఫొటోలు ఉండే డీసీఐఎం ఫోల్డర్‌లో కెమెరా తనకి తెలిసిన వరసలోని పేర్లనే గుర్తుపడుతుంది, మీరు ముద్దుగా పేరు మార్చిన ఫొటో కార్డులో క్షేమంగా ఉన్నా కెమెరా స్క్రీన్ మీదకి రాకపోవచ్చు. సోనీ కెమెరాల్లో 'ఇమేజ్ డేటాబేస్' పాడైందనే మెసేజ్ వస్తే, రికవర్ అనే ఆప్షన్ మెనూలోనే ఉంటుంది, అది ఫొటోల లిస్టుని మళ్లీ తయారు చేస్తుంది, అయినా కాపీ తీసుకున్నాకే నొక్కండి. కెమెరా మరీ పాతదైతే పెద్ద కార్డుని అసలు గుర్తించకపోవచ్చు. ఎస్‌డీహెచ్‌సీ 2006లో, ఎస్‌డీఎక్స్‌సీ 2009లో వచ్చాయి, అంతకుముందు తయారైన కెమెరాలో ఆ కార్డు పెట్టి ఎర్రర్ వచ్చిందని బాధపడి లాభం లేదు. కొన్ని మోడళ్లకి ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో సరిపోతుంది, కెమెరా మాన్యువల్‌లో ఎంత సైజు వరకు అని రాసి ఉంటుంది చూడండి.

కెమెరా ఏ కార్డు పెట్టినా తిరస్కరిస్తే స్లాట్‌లో టార్చ్ వేసి చూడండి. కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు వాడే పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లలో స్లాట్ లోపల 50 సన్నటి పిన్నులు ఉంటాయి, కార్డు వంకరగా తోస్తే ఒకటి వంగిపోతుంది. అప్పుడు బలంగా తోయకండి, సూదితో లేపే ప్రయత్నం అస్సలు వద్దు, విరిగితే బోర్డే మార్చాల్సి రావచ్చు.

4. తికమక పెట్టే కొన్ని మెసేజ్‌లు

'కార్డ్ ఫుల్' అంటుంది, చూస్తే ఫొటోలు లేవు. మాక్ కంప్యూటర్‌లో కార్డు నుంచి ఫొటోలు డిలీట్ చేసి ఉంటే అవి కార్డులోనే ఒక దాచిన ట్రాష్ ఫోల్డర్‌లో కూర్చుంటాయి, ట్రాష్ ఖాళీ చేసేదాకా చోటు రాదు. ఇంకో కెమెరాలో తీసిన ఫొటోలు వేరే ఫోల్డర్‌లో ఉండి, ఈ కెమెరాకి కనపడకుండా చోటు తింటుండొచ్చు. ప్రొటెక్ట్ చేసిన ఫొటోలు 'డిలీట్ ఆల్' కొట్టినా పోవు. (ఫార్మాట్‌లో మాత్రం ప్రొటెక్ట్ చేసినవి కూడా పోతాయి, తాళం గుర్తు ఉంది కదా అని భరోసా పెట్టుకోవద్దు.)

చోటు బోలెడు ఉన్నా 'ఫోల్డర్ తయారు చేయలేను' అంటే నంబర్లు అయిపోయాయని అర్థం. ఫోల్డర్ల వరస 100 నుంచి 999 వరకు, ఫొటోల వరస 9999 వరకు. నంబర్ బాగా పెద్దగా ఉన్న ఫోల్డర్ ఏదైనా కార్డులోకి వచ్చి చేరితే కెమెరా అక్కడి నుంచే లెక్క కొనసాగించి చివరికి గోడకి తగులుతుంది. కాపీ చేసుకుని, ఫార్మాట్ చేసి, మెనూలో ఫైల్ నంబరింగ్ రీసెట్ చేయండి.

ఇంకోటి, ఇది ఎర్రరే కాదు, కానీ అన్నిటికన్నా దారుణం. కార్డు లేకుండానే షటర్ పనిచేసే సెట్టింగ్ చాలా కెమెరాల్లో ఉంటుంది, షోరూంలో కెమెరా చూపించడానికి పనికొచ్చేది. అది ఆన్‌లో ఉంటే క్లిక్ చేసిన ఫొటో స్క్రీన్ మీద ఒక్కసారి మెరుస్తుంది, మీరు తీసుకుంటూ పోతారు, ఎక్కడా సేవ్ అవ్వదు. ఆ ఫొటోల కోసం ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ వెతికినా ఉపయోగం లేదు, అవి ఎప్పుడూ కార్డు దాకా వెళ్లలేదు. మెనూలోకి వెళ్లి ఇప్పుడే ఆఫ్ చేసేయండి.

ఫొటో సగం బాగుండి మిగతా సగం బూడిద రంగులోనో, రంగు చారలతోనో వస్తే, ముందు వేరే రీడర్‌తో మళ్లీ కాపీ చేసి చూడండి. తప్పు కాపీ చేసేటప్పుడు జరిగి ఉంటే రెండోసారి సరిగ్గా వస్తుంది. 'కెమెరా స్క్రీన్ మీద బాగానే కనిపిస్తోంది కదా' అనే మాటని మాత్రం నమ్మకండి, స్క్రీన్ మీద కనిపించేది ఫైలులో విడిగా దాచిన చిన్న ప్రివ్యూ, అది బాగుండి అసలు ఫొటో పాడై ఉండొచ్చు.

5. వీడియో మధ్యలో ఆగిపోతుంటే

కార్డు బాగానే ఉంటుంది, కాకపోతే నెమ్మది. కార్డు మీద పెద్ద అక్షరాలతో వేసే అంకె సాధారణంగా చదివే వేగం, అదీ గరిష్ఠంగా. వీడియోకి కావాల్సింది కనీసం ఎంత వేగంతో ఆగకుండా రాస్తుంది అనేది, దానికి చిన్న గుర్తులు ఉంటాయి: క్లాస్ 10, యూ1, వీ10 అంటే సెకనుకి కనీసం 10 మెగాబైట్లు, యూ3, వీ30 అంటే 30, వీ60, వీ90లకి పేరులోనే ఉంది. కెమెరా చెప్పేది మెగాబిట్లలో ఉంటుంది, 8తో భాగించండి. 100 మెగాబిట్ల 4కే వీడియో అంటే సెకనుకి 12.5 మెగాబైట్లు, వీ10 కార్డు దీనికి హామీ ఇవ్వదు, వీ30 ఇస్తుంది. యూహెచ్‌ఎస్-2 కార్డుకి డబ్బు పోసే ముందు మీ కెమెరా స్లాట్‌కి ఆ రెండో వరస పిన్నులు ఉన్నాయో లేవో చూసుకోండి, లేకపోతే అది యూహెచ్‌ఎస్-1 వేగంతోనే నడుస్తుంది.

పెద్ద వీడియో ముక్కలుగా వస్తే అది జబ్బు కాదు. ఫ్యాట్32 అనే ఫైళ్లు అమర్చే పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటలేదు, అందుకే కెమెరా విడగొడుతుంది.

6. ఫొటోలు వెనక్కి తెచ్చుకోవడం

కార్డు కంప్యూటర్‌కి దొరుకుతోంది కానీ తెరుచుకోవట్లేదు, లేదా పొరపాటున ఫార్మాట్ అయింది, అప్పుడు ఈ దారి. ఆపరేటింగ్ సిస్టమ్ చూపించే 'రిపేర్' బటన్, విండోస్‌లో చెక్ డిస్క్ లాంటివి ఇప్పుడు వాడొద్దు, అవి కార్డు మీదే మార్పులు రాస్తాయి, ఒక్కోసారి ఫొటోలన్నీ అర్థంకాని పేర్లున్న ముక్కలుగా మిగులుతాయి. రికవరీ ముందు, రిపేర్ తర్వాత.

కార్డు మధ్యమధ్యలో కనెక్షన్ తెగిపోతూ ఉంటే, మొదట మొత్తం కార్డుని ఉన్నది ఉన్నట్టు ఒకే ఫైలుగా, అంటే డిస్క్ ఇమేజ్‌గా, కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి, ఆ తర్వాత పనంతా ఆ ఫైలు మీదే చేయండి. పోయేలా ఉన్న కార్డుని పదేపదే చదివించడం కన్నా ఇది మేలు. తర్వాత ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ నడపండి. అది పట్టికని పట్టించుకోకుండా కార్డులోని డేటాలో ఫొటో ఎక్కడ మొదలవుతుందో గుర్తుపట్టి లాగుతుంది, విండోస్, మాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. చూడటానికి నల్లటి స్క్రీన్, అక్షరాలు తప్ప ఏమీ ఉండవు, భయపడకండి, ఒక్కో ప్రశ్నకి నిదానంగా జవాబిస్తూ పోతే చాలు. దొరికిన ఫొటోలని ఎక్కడ పెట్టాలని అడిగినప్పుడు కంప్యూటర్‌లోని ఫోల్డర్ చూపించండి, పొరపాటున కూడా అదే కార్డు చూపించొద్దు. పాత ఫైళ్ల పేర్లు, ఫోల్డర్లు రావు, ఫొటోలు బాగా వస్తాయి, వీడియోలు మాత్రం ముక్కలుగా చెల్లాచెదురై ఉంటే అన్నీ ఆడకపోవచ్చు.

రెండు మూడు రీడర్లలో పెట్టినా కార్డు అసలు కనిపించకపోయినా, సైజు సున్నా అని చూపించినా సాఫ్ట్‌వేర్ వల్ల కాదు. ఆ ఫొటోలు అంత ముఖ్యమైతే డేటా రికవరీ ల్యాబ్‌కి ఇవ్వండి, అంతకుముందు కార్డు విప్పి చూసే సాహసం చేయకండి.

7. ఇప్పుడు ఫార్మాట్

కావాల్సినవన్నీ రెండు చోట్ల ఉన్నాయని, తెరుచుకుంటున్నాయని చూసుకున్నాక, కార్డుని ఏ కెమెరాలో వాడతారో ఆ కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. కార్డు మొత్తాన్నీ తుడిచే లో లెవల్ ఫార్మాట్ అనే ఆప్షన్ ఉంటే అదే టిక్ చేయండి, టైం ఎక్కువ పడుతుంది. కెమెరా అసలు ఒప్పుకోకపోతే, ఎస్‌డీ అసోసియేషన్ వాళ్లే ఉచితంగా ఇచ్చే ఎస్‌డీ మెమరీ కార్డ్ ఫార్మాటర్‌తో కంప్యూటర్‌లో చేసి, తర్వాత కెమెరాలో ఇంకోసారి చేయండి. అందులో ఓవర్‌రైట్ ఫార్మాట్ ఎంచుకుంటే పాత డేటా పూర్తిగా పోతుంది, అందుకే ఇది 6వ స్టెప్ తర్వాతే.

ఫార్మాట్ అయింది, ఎర్రర్ పోయింది, అయినా వెంటనే ముఖ్యమైన పనికి తీసుకెళ్లకండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మాక్, లైనక్స్‌లలో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు కార్డుని నిండా నింపి, రాసింది రాసినట్టే ఉందో లేదో తిరిగి చదివి చెబుతాయి. పెద్ద కార్డుకి గంటలు పట్టొచ్చు, రాత్రి పెట్టి పడుకోండి. నకిలీ కార్డులు దొరికిపోయేది కూడా ఇక్కడే: పైన 256 జీబీ అని ఉంటుంది, కంప్యూటర్‌కి కూడా అలాగే చెప్పుకుంటుంది, లోపల నిజంగా ఉన్నది అందులో చిన్న ముక్క. మొదట తీసిన ఫొటోలు బాగుంటాయి, ఆ చిన్న చోటు నిండాక తీసినవే తెరుచుకోవు. మీ కార్డు కథ ఇలాగే ఉంటే రిపేర్ గురించి ఆలోచించడం దండగ, అమ్మినవాళ్లని డబ్బులు అడగండి. కొత్త కార్డు కొన్న రోజే ఈ టెస్ట్ చేస్తే వాపసు ఇవ్వడం కూడా తేలిక.

టెస్ట్‌లో ఒక్క తప్పు వచ్చినా ఆ కార్డుని కెమెరాలో వాడొద్దు. ఫార్మాట్ సక్సెస్ అని చెప్పి, తీసి పెట్టేసరికి పాత ఫొటోలు మళ్లీ ప్రత్యక్షమైతే కూడా అంతే. కార్డుని నడిపే లోపలి చిప్పు, కంట్రోలర్, ఇక రాయడం ఆపేసి చదవడానికి మాత్రమే ఒప్పుకుంటోందన్నమాట, ఎన్ని సాఫ్ట్‌వేర్లు మార్చినా అది మారదు. ప్లాస్టిక్ పగిలిన, వంగిన కార్డు టెస్ట్ పాసైనా సరే స్లాట్‌లో పెట్టకండి. ఫొటో కార్డులు మామూలు వాడకంలో ఏళ్ల తరబడి పనిచేస్తాయి, కానీ ఒకసారి అనుమానం తెప్పించిన కార్డుని 'చిన్న పనులకి వాడుకుందాంలే' అని బ్యాగ్‌లో ఉంచితే, సరిగ్గా పెద్ద పని రోజునే అది చేతికొస్తుంది. దాని మీద మార్కర్‌తో అడ్డంగా ఒక గీత గీసి, వారంటీ ఉంటే మార్పించుకోండి, లేకపోతే ఈ-వేస్ట్‌లో వేయండి.

మీ కెమెరాకి రెండు స్లాట్లు ఉంటే ఒకసారి మెనూ తెరిచి రెండో స్లాట్ ఏ పని చేస్తోందో చూడండి. మొదటిది నిండాక రెండోదానికి వెళ్లేలా, అంటే ఓవర్‌ఫ్లో అని ఉంటే దాన్ని బ్యాకప్‌కి మార్చండి, ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడుతుంది. వరసగా క్లిక్‌లు కొట్టేటప్పుడు రెండింటిలో నెమ్మదైన కార్డు వేగానికే కెమెరా తగ్గుతుంది కాబట్టి, రెండూ ఒకే రకం కార్డులు పెట్టండి.